గడప ముందొచ్చే ఊరు

మొన్న మా బడి పిల్లల్ని హైవే పక్కనున్న పెద్ద వినోదాల పార్కుకు తీసుకెళ్ళాను. నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, దారంతా అంత్యాక్షరి. ఆ పార్కులో గుజరాతీ పల్లెటూరిని చూపించడానికి కాఠియావాడ్ పల్లె అని ఒక భాగం కట్టారు. ఫైబర్ ఎద్దులు, ఫైబర్ బావి, తలపాగా చుట్టుకుని వచ్చేపోయేవాళ్ళందరికీ దండం పెట్టే ఒక మనిషి. నేను పిల్లల్ని వరుసలో నిలబెట్టి, తలకాయలు లెక్కపెట్టుకుని, బయటికొచ్చే గేటులోంచి ఝామ్మని లోపలికి నడిపించేశాను. వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ వెంటపడ్డాడు.

"మేడమ్, ఉల్టా జా రహే హో! ఎంట్రీ ఉధర్ హై!"

నాకు కోపం రావాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో ఎవరినడిగినా చెబుతారు. కానీ ఆ రోజు నవ్వు తన్నుకొచ్చింది. పిల్లలు బిక్కమొహాలు వేశారు. తోటి టీచరు "ఏమైందే నీకు?" అని నా చెయ్యి గిల్లింది. ఏం చెప్పను? ఊరంటే వెనక గేటునుంచి వెళ్ళడమే నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు చేసినవాడు నక్షా మామ.

మామ పోయి రెండు చలికాలాలు దాటాయి. ఆయన పేరు రాయను. రాస్తే మా వాడలో సగం మందికి ఎవరో తెలియదు కూడా. సూరత్‌లో సాంచల మీద బతికే తెలుగువాళ్ళందరికీ ఆయన నక్షా మామే. సాంచ అంటే మరమగ్గం. పువ్వుల చీరలు నేసే సాంచలకు ముందుగా గళ్ళ కాగితం మీద డిజైన్ గీయాలి. దాన్ని నక్షా అంటారు. ఆ గళ్ళ ప్రకారం అట్టలకు రంధ్రాలు పొడుస్తారు, ఆ అట్టలు చెప్పినట్టు సాంచ నేస్తుంది. ఆ గళ్ళు నింపడమే నలభై ఏళ్ళుగా మామ పని.

ఆ పనిలో ఒక చిక్కుంది. నేసేటప్పుడు బట్ట ముఖం కిందికి ఉంటుంది. నేతగాడికి కనిపించేదంతా వెనక వైపే. కాబట్టి చీర మీద కుడికి చూడాల్సిన చిలుక కాగితం మీద ఎడమకు చూడాలి. కొత్తవాళ్ళు దీంతో తికమకపడి ఏడుస్తారు. మామకు మాత్రం అది ఒంటికి పట్టేసింది. ఆయన దేన్నైనా ముందు తిరగేసి వెనక చూస్తాడు, ఆ తర్వాతే ముఖం చూస్తాడు.

మా చిన్నాన్న కూతురి పెండ్లిలో పీటల మీద కూచున్న పెండ్లికూతురి కొంగు పట్టుకుని తిరగేశాడు. మగపెళ్ళివాళ్ళు బిత్తరపోయారు. ఈయన కొంగు వెనక దారాలు వేలితో మీటి, "మంచి నేత. గట్టి పిల్ల" అని అక్షింతలు వేసి వెళ్ళిపోయాడు. దారానికీ పిల్లకూ ఏం సంబంధమో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. నేను బీఎడ్ పాసై సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే, అదీ తిరగేశాడు. ఖాళీ తెల్ల కాగితం చూసి ఆయన మొహం చిన్నబోయింది.

"ఎనక ఏం లేదేంది బిడ్డా? గింత చదివితే ఎనక ఏం రాయలేదా?"

"మామా, చదువుకు వెనక వైపు ఉండదు."

"ఉంటది. నీకు కనవడ్తలేదు గంతే" అన్నాడు, ఎంతో జాలిగా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కోపం తెచ్చుకుంటే మాత్రం అది పూట కూడా నిలిచేది కాదు.

ఒక చెవి మీద పెన్సిల్, రెండో చెవి మీద బీడీ. ధ్యాసలో ఉంటే పెన్సిల్ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీసేవాడు. ఎవరికి ఏ కష్టమొచ్చి ఆయన గడపెక్కినా ఒకటే మాట అనేవాడు. "గంతేనా? ఇప్పి మల్లా నేద్దాం పా." టీచరు పరీక్ష మొదటిసారి తప్పి నేను మూడు రోజులు తిండి మానేసినప్పుడూ అదే మాట. ఆ మాటకు కడుపు నిండదని అరిచాను. మామ వెళ్ళి మక్క గారెలు తెచ్చి పెట్టాడు.

ఇక లాక్‌డౌన్ సంగతి. ఒక్కసారిగా సాంచలన్నీ ఆగిపోయాయి. పుట్టినప్పటినుంచీ ఆ టకటకల్లో పెరిగిన మా వాడ పసిపిల్లలు ఆ నిశ్శబ్దానికి నిద్రపోక ఏడ్చారు. తల్లులు తలుపు మీద గరిటెతో కొట్టి పడుకోబెట్టారు. పోగలిగినవాళ్ళు దొరికిన రైలెక్కి ఊళ్ళకు పోయారు. పోలేనివాళ్ళలో నక్షా మామ అక్క ఒకావిడ.

ఆవిడను అందరం అవ్వా అనేవాళ్ళం. తల్లి పోయాక బీడీలు చుట్టి తమ్ముడిని సాకింది. తమ్ముడు పన్నెండో ఏట సూరత్ వచ్చి స్థిరపడ్డాక, మొగుడు పోయిన అక్కను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. అవ్వ సూరత్‌లో ముప్పై ఏళ్ళున్నా, ఏటా ఎండాకాలం పదిహేను రోజులు ఊరికి వెళ్ళాల్సిందే, పోచమ్మకు బోనం పెట్టాల్సిందే. ఆ ఏడు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, మనిషి ఎదురుగా నిలబడితే నీడలాగా తెలిసేది. ముదరనిస్తే కష్టం, ఆపరేషన్‌కు తీసుకురండి అని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రులు తెరుచుకున్నాక తేదీ కూడా ఇస్తానన్నాడు. అవ్వే ఒప్పుకోలేదు.

"పోచమ్మకు మొక్కకుండ నా కంటి మీద కత్తి వెట్టనియ్య. ముందు నన్ను ఊరికి తోలుకపోండ్రి."

ఎలా తీసుకెళ్తాం? ఆ వయసులో, ఆ రోజుల్లో, ఆ రైళ్ళలో! ఎవరెంత చెప్పినా వినలేదు. ఒక రోజు సంచి సర్దుకుని, మాస్కు గడ్డం కిందికి వేలాడేసుకుని, గోడలు పట్టుకుంటూ ఉధ్నా స్టేషన్ దారిన పడింది. పోలీసులు జీపులో తెచ్చి దింపారు. ఆవిడ మాత్రం "జీపుల మంచిగ గాలి వచ్చింది" అని చెప్పుకుని మురిసింది. మామ ఆ రోజు నవ్వలేదు. కళ్ళు లేని అక్క ఇంకోసారి రోడ్డెక్కితే ఏమవుతుందోనని ఆయనకు భయం పట్టుకుంది.

మర్నాడు మామ అవ్వ ముందు గొంతుక్కూచున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"అక్కా, ఊరికి నిన్ను తోలుకపోలేను. ఊరినే ఈడికి తెస్త."

"ఏడికి?"

"మా షెడ్డు ఎనక జాగ ఉన్నది కద, గాడికి."

అవ్వ పకపకా నవ్వింది. "తెస్తవులే! అట్లనే తెచ్చినవనుకో, బస్సు దిగి నా అంతట నేను నడుసుకుంట మన ఇంటి గడప తాకుత. తాకిన్ననుకో, ఆడనే పోచమ్మకు మొక్కి ఆపరేషన్‌కు పోత. తాకకుంటే నన్ను రైలెక్కియ్యాలె. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న" అన్నాడు మామ, గుండె మీద చెయ్యి వేసుకుని. పంతులమ్మను సాక్షిగా పెట్టారు. పంతులమ్మంటే నేనే.

సూరత్ శివార్లలో ఉన్ అనే చోట మామ పనిచేసే సాంచల షెడ్డు వెనక పొడుగ్గా ఖాళీ జాగా ఉండేది. ఒక కొసన షెడ్డు తలుపు, రెండో కొసన గల్లీలోకి తెరుచుకునే గేటు. మధ్యలో పాత ఇనుము, విరిగిన మగ్గాల చట్రాలు, పిచ్చి మొక్కలు. షెడ్డు యజమాని సేఠ్‌కు ఫోన్ చేస్తే, పనే లేదు, ఏం చేసుకుంటావో చేసుకో అన్నాడు. మామ గళ్ళ కాగితం పరిచి ఊరి నక్షా గీశాడు. బస్సు దిగితే కుడి చేతికి బీడీల ఖార్ఖానా. కొంచెం పోతే ఎడమ చేతికి వేపచెట్టు కింద పోచమ్మ. ఇంకొంచెం పోతే కుడి చేతికి ఇల్లు. అవ్వ చెప్తుంటే ఆయన గళ్ళు నింపాడు.

ముందుగా గల్లీ గేటు దగ్గర పుట్టింది బస్సు. ఎర్ర రంగు పూసిన రేకులు, లోపల పాత బల్లలు. కిందనున్న సాంచ మోటారు తిప్పగానే మగ్గం పలక ముందుకూ వెనక్కూ కొట్టుకున్నట్టు బస్సంతా దడదడలాడేది. కూచున్నవాళ్ళ పళ్ళు కూడా అదిరేవి. మామ మెడలో ఈల వేసుకుని "రైట్ రైట్" అనేవాడు. బస్సు అంగుళం కదిలేది కాదు, ఎక్కినవాళ్ళు మాత్రం పది ఊళ్ళు తిరిగొచ్చినంత అలసిపోయి దిగేవారు.

ఇక్కడే కథ మామ చెయ్యి దాటింది. బడి మూతపడి, ఫోనులో పాఠాలన్నారు. మా పిల్లల ఇళ్ళల్లో ఫోను ఎక్కడిది? నేను ఆ బస్సులోనే నాలుగో తరగతి పెట్టాను, సీటుకు ఒక్కరు చొప్పున, ముక్కు మీద మాస్కుతో. ఎక్కాలు తప్పు చెప్పినవాళ్ళ సీటు కింద మోటారు వేస్తానని బెదిరించాను. దాంతో కావాలనే తప్పు చెప్పడం మొదలుపెట్టారు వెధవలు.

పిల్లలు చేరాక కోరికలు చేరాయి. తాటిచెట్టు కావాలన్నారు. మామ ఇనుప గొట్టానికి మెట్లు కట్టి, పైనుంచి జారుడుబల్ల దింపాడు. ఆడపిల్లలు బతుకమ్మ కావాలన్నారు. దారం చుట్టే పెద్ద బీము చక్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పాత చీరల ముక్కలతో పువ్వులు కట్టి, చుట్టూ కుర్చీలు వేలాడదీసి రంగులరాట్నం చేశాడు. పక్క గల్లీలో ఒడిశా సాంచ పనివాళ్ళు వచ్చి చూసి, వాళ్ళ రథం ఒకటి చేసి తెచ్చి ఓ మూల పెట్టుకుని వెళ్ళారు. ఎవరూ వద్దనలేదు. ఆదివారమైతే సున్నంతో దూరం దూరంగా గుండ్రాలు గీసి జనాన్ని నిలబెట్టాల్సి వచ్చేది. ఆ పని నాది. నా గొంతు అప్పుడే ఇలా బొంగురుపోయింది.

ముసలాళ్ళ గోల వేరు. ఒకాయనకు తమ ఊరి రైస్ మిల్లు కావాలి. ఇంకొకాయన బీడీల ఖార్ఖానా రేకుల కప్పు తప్పు, పెంకుల కప్పు ఉండాలి అని గంట సేపు పోట్లాడాడు. మామ శాంతంగా విని, "తాతా, గది మీ ఊరు. గిది మా అక్క ఊరు. పెంకులు గావాల్నంటే నువ్వు ఇంకో ఊరు కట్టుకో" అనేవాడు. తాత అలిగి తాటిచెట్టెక్కి జారి వెళ్ళిపోయేవాడు.

ఆ ఊళ్ళో ఒక్క వస్తువు మాత్రం మామ నక్షా చూడకుండా చేశాడు. అది గడప. వాళ్ళింటి గడపలో కుడి పక్కన కాళ్ళు తొక్కి తొక్కి అరిగిన గుంట ఒకటి ఉండేదట. టేకు చెక్క తెచ్చి, కళ్ళు మూసుకుని, తన పాదంతో తడిమి చూసుకుంటూ ఆ గుంటను ఉలితో చెక్కాడు. నాలుగు రోజులు పట్టింది. పసుపు రాసి, బొట్లు పెట్టి ఇంటి ముందు బిగించాడు.

బొటాబొటిగా అంతా కుదిరేసరికి సేఠ్ కారు దిగాడు. సాంచలు మెల్లగా మొదలయ్యాయి, దీపావళి తర్వాత వ్యాపారాలు మళ్ళీ తెరిచే లాభ్ పాంచమ్ రోజున కొత్త మిషన్లు దించాలి, జాగా కావాలి. సేఠ్ అటూ ఇటూ చూసి బస్సెక్కాడు. మామ మోటారు వేశాడు. సేఠ్ కళ్ళజోడు ముక్కు మీదనుంచి ఒళ్ళోకి దూకింది. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏ క్యా బనా దియా, మాస్టర్!" అన్నాడు. దిగాక మాత్రం, "లేకిన్ లాభ్ పాంచమ్ తక్ ఖాలీ" అన్నాడు. ఆ రోజులోపు జాగా ఖాళీ చెయ్యాల్సిందేనట. సేఠ్ సేఠే.

సద్దుల బతుకమ్మకు వారం ముందు, ఒక ఆదివారం పొద్దున అవ్వను గల్లీ గేటునుంచి తీసుకొచ్చి బస్సెక్కించాం. కొత్త చీర, చేతిలో బోనం చెంబు. మామ ఈల ఊది మోటారు వేశాడు. బస్సు దడదడలాడింది. అవ్వ సీటు కమ్మి గట్టిగా పట్టుకుని, "అవ్, గిదే మన బస్సు. నడుము పట్టుకుంటున్నది" అంది. అందరం చప్పట్లు కొట్టాం. మామ "దిగుండ్రి, దిగుండ్రి" అన్నాడు. అవ్వ దిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మాస్కు కిందికి లాగింది. ఖార్ఖానాలో నిజం తునికాకు, నిజం పొగాకు బస్తాలు పెట్టి ఉంచాడు మామ. ఘాటు వాసన వస్తోంది.

అవ్వ కుడి చెయ్యి చాచి నాలుగడుగులు వేసింది. ఆగింది. తల అటూ ఇటూ తిప్పింది.

"వాసన ఎడమ చేతికి వస్తున్నదేందిరా?"

అవ్వ ఇంకో పదడుగులు వేసింది. కుడి భుజానికి వేపకొమ్మ తగిలింది. అక్కడే కింద కూలబడింది. బోనం చెంబు ఒళ్ళో పెట్టుకుంది.

"పోచమ్మ కుడి చేతికి వచ్చిందేందిరా తమ్మీ? ఇది మన ఊరు గాదు. నన్ను మోసం జేస్తున్నవా?"

మామ జేబులోంచి నక్షా తీసి చూశాడు. కాగితాన్ని తిరగేసి, ఎండకు ఎత్తి పట్టి చూశాడు. అప్పుడు నుదుటి మీద ఠపీమని కొట్టుకున్నాడు. నలభై ఏళ్ళ అలవాటు! అక్క చెప్తున్న ఊరిని చీర గీసినట్టే గీశాడు, వెనక వైపునుంచి. కుడి ఎడమైంది, ఎడమ కుడి అయింది. ఆ కాగితం చూసి కట్టినవాళ్ళం మేమంతా ఎవరెవరి ఊళ్ళవాళ్ళమో, మాకేం తెలుస్తుంది? మరి ఆయనకు? ఆరు నెలలు అందులోనే తిరిగాడే!

"మామా, ఇన్ని రోజులూ నీకు తెలియలేదా?" అని అరిచేశాను. నాకంత కోపం ఎన్నడూ రాలేదు. ఇది అవ్వ కళ్ళ సంగతి మరి. ఆయన "గంతేనా" అంటాడని ఎదురు చూశాను. అనలేదు. అక్కను లేపి ఇంటికి నడిపించుకుపోయాడు.

నాలుగు రోజులు మామ ఆ జాగాకు రాలేదు. కూల్చి మళ్ళీ కట్టాలంటే సేఠ్ ఇచ్చిన గడువు చాలదు. అవ్వ మళ్ళీ సంచి సర్దుకుని గుమ్మంలో కూచుంది. పందెం ఓడినవాడు రైలెక్కించాలి కదా. ఐదో రోజు నేను బస్సులో క్లాసు చెప్తుంటే షెడ్డు తలుపులోంచి మామ వచ్చాడు. ఎప్పటిలాగే కుడి చెయ్యి ఊపుకుంటూ నాలుగడుగులు వేసి, రెండు చేతులూ ఎడంగా పెట్టి అక్కడే నిలబడిపోయాడు. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు.

"బిడ్డా!" అని కేకేశాడు. "నాకెందుకు ఎర్క కాలేదో ఇప్పుడు సమజైంది. నేను రోజు షెడ్డు దిక్కునుంచి వస్త. ఈ దిక్కునుంచి వస్తే ఇల్లు కుడి చేతికే. పోచమ్మ ఎడమ చేతికే. ఖార్ఖానా కుడి చేతికే. అన్ని సక్కగనే ఉన్నయ్!"

"మరి బస్సు?"

"బస్సు ఆఖర్న పడ్డది" అన్నాడు తల గోక్కుంటూ. "ఇల్లు ముందొస్తది."

"అవ్వ బస్సు దిగి కదా గడప తాకుతానంది?"

మామ చెవి మీద పెన్సిల్ తీసి నోట్లో పెట్టుకుని, అగ్గిపుల్ల గీసి, ఆర్పేశాడు. "అబద్ధం జెప్ప. ఉన్నదున్నట్టు జెప్పి తోలుకొస్త. ఆమె ఇష్టం ఇగ."

అదే రోజు సాయంత్రం ఎండ తగ్గకముందే అవ్వను తీసుకొచ్చాడు. షెడ్డు తలుపు దగ్గర ఆపాడు.

"అక్కా, నేను ఊరిని ఉల్టా నేసిన. నాదే తప్పు. ఎనక దిక్కునుంచి వస్తే కుడి ఎడమలు సక్కగ వస్తయ్, గాని బస్సు ముందుండదు. నువ్వు ఇచ్చిన షరత్ ప్రకారం నేను ఓడిన. రైలెక్కియ్యమంటే ఎక్కిస్త, ఎట్లైతే గట్ల. ఒక్కసారి నడువు."

అవ్వ ఎడమ చేత బోనం చెంబు పట్టుకుంది. మూతి ముడుచుకునే ఉంది. కుడి చెయ్యి చాచి నడిచింది. ఆరడుగులు. వేలికి ద్వారబంధం తగిలింది. ఆగి, చెప్పు విడిచి, కుడి కాలు ఎత్తి మెల్లగా పెట్టింది. పాదం గుంటలో పడింది.

ఎంతసేపు అలా నిలబడిందో! పాదాన్ని ఆ గుంటలో అటూ ఇటూ తిప్పింది, మడమ ఆనించి చూసింది. తర్వాత వంగి చేత్తో తడిమింది. ఆ గడప మీదే కూచుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు? మామ మాత్రం చేతులు కట్టుకుని, తప్పు చేసిన పిల్లాడిలా దూరంగా నిలబడ్డాడు.

"తమ్మీ" అంది అవ్వ. "బస్సేడున్నది?"

"ఆఖర్న ఉన్నదక్కా. పోచమ్మ దాటి, ఖార్ఖానా దాటి, గేటు కాడ."

"గేటు అవుతల ఏమున్నది?"

"ఏమున్నది, సూరతే."

అవ్వ చెంపలు తుడుచుకుంది. "మరి సక్కగనే ఉన్నది కదరా. మనం పుట్టింది ఇంట్ల. బీడీలు జేసింది ఖార్ఖానల. బస్సెక్కినం, సూరత్‌ల దిగినం. ఉల్టా ఏడున్నది?"

అవ్వ లేచి ఎడమ చేతికి వేపచెట్టు వెతుక్కుని, పోచమ్మ ముందు చెంబు పెట్టి మొక్కింది. మొక్కి తిరిగి, నేనున్న వైపు మొహం పెట్టి అడిగింది.

"పంతులమ్మా, ఆపరేషన్‌కు ఎన్నడు రమ్మన్నడా డాక్టరు?"

దీపావళికి ముందే ఒక కంటికి ఆపరేషన్ అయింది. పట్టీ విప్పి, నల్ల కళ్ళద్దాలు తగిలించాక, అవ్వ ముందుగా ఊరే చూస్తానంది. తీసుకొచ్చాం. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని అంతా కలయజూసింది. మేం పొగడ్తల కోసం నిలబడ్డాం.

"ఏందిరా ఇది? తాటిచెట్టుకు నీలం రంగేసినవ్! పోచమ్మకు మీసాలున్నయేంది?"

"అక్కా, నీలం డబ్బా ఒక్కటే మిగిలింది..."

"కండ్లు రాకముందే మంచిగుండె నీ ఊరు!"

పోచమ్మకు మీసాలు నిజమే, పాత దేవుడి విగ్రహానికి చీర కట్టి పెట్టాడు. ఎవరం గమనించలేదు. మామ అవ్వ తిట్లు వింటూ చెవులదాకా నవ్వాడు. ఆ తిట్లు పూర్తయ్యేసరికి సూరత్‌లో ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి లేడనిపించింది.

లాభ్ పాంచమ్ ముందు రోజు ఊరు విప్పాం. మామ చేతిలో రెంచీ పట్టుకుని, "గంతేనా? ఇప్పి మల్లా నేద్దాం" అన్నాడు. ఆ మాట మళ్ళీ వినబడగానే ప్రాణం లేచొచ్చింది. బస్సు మా బడి ఆవరణకు వచ్చింది, ఈ రోజుకీ ఉంది, దడదడలాడుతుంది. బతుకమ్మ రాట్నం సూరత్‌లోనే కతర్‌గామ్‌లో వజ్రాల పనికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళ సొసైటీలో తిరుగుతోందట. తాటిచెట్టును ఒడిశా వాళ్ళు పట్టుకుపోయి, కొబ్బరిచెట్టు అని పేరు పెట్టారు. మేం పోట్లాడాం, వాళ్ళు వినలేదు. సేఠ్ ఏమీ అడగలేదు గానీ, వెళ్తూ వెళ్తూ బస్సులో ఇంకోసారి కూచుని వెళ్ళాడు. గడప మాత్రం మామ భుజాన వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు.

రెండో ఏడు ఆ మహమ్మారి ఇంకా పెద్దదై వచ్చింది, పోయింది. మామకు ఏం కాలేదు. ఆ తర్వాత ఒక చలికాలం, పొద్దున గళ్ళ కాగితం ముందు కూచుని, నెమలి ఒకటి సగం నింపి, అలాగే ఒరిగిపోయాడు. నెమలి ఎడమకు చూస్తోంది. చీర మీద కుడికే చూస్తుంది.

పార్కు నుంచి వచ్చిన మర్నాడు అవ్వ దగ్గరికి వెళ్ళాను. రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నాయి, బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వాళ్ళ అద్దె ఇంటి తలుపు కింద సిమెంటు గట్టు మీద ఆ టేకు గడప బిగించి ఉంది. ఇంటి ఓనరు వద్దన్నా బిగించారు. ఫైబర్ ఎద్దుల సంగతీ, నేను వెనక గేటునుంచి పోయిన సంగతీ అన్నీ చెప్పాను. అవ్వ కడుపుబ్బ నవ్వి, కళ్ళద్దాలు తుడుచుకుంది.

"గా పల్లెల లోపలికి పోంగనే ముందుగాల ఏమొస్తది?"

"టికెట్లు ఇచ్చే కిటికీ అవ్వా."

"మరి ఇల్లు?"

"ఎక్కడో చివర్న ఒక మట్టిల్లు ఉంది. తాడు కట్టారు, లోపలికి పోనివ్వరు."

"గదేం ఊరే!" అంది అవ్వ, చేట పక్కన పెట్టి. "మావోడే నయం. ఉల్టా నేసినా, కాలు వెట్టంగనే గడప తగిలేటట్టు నేసిండు."

నేను వెళ్తానని లేచాను. బయటికి అడుగు వేస్తుంటే, నా పాదం ఆ గుంటలో పడింది. సరిగ్గా సరిపోయింది.